పరారీలో ఉన్న ట్రైలోబైట్

మా జిల్లాను రెండు ముక్కలు చేసినప్పుడు ఎవరికీ నొప్పి తెలియలేదు. మ్యాపు మీద గీత గీసింది ఎక్కడో రాజధానిలో. మాకు తెలిసేసరికి కొండలు, జీడితోటలు, మాంగనీసు గనులు ఎగువ జిల్లాకూ, సముద్రం, ఉప్పు మడులు, రేవు దిగువ జిల్లాకూ వెళ్ళిపోయాయి. మా ఊరు కొండకీ సముద్రానికీ మధ్యలో ఉంటుంది. మేము ఎగువ జిల్లావాళ్ళమని పేపర్లో చదివి తెలుసుకున్నాం. అంతవరకూ బాగానే ఉంది. తంటా అంతా సామాన్ల దగ్గర వచ్చింది.

నేను మా ఊరి మ్యూజియంలో సీనియర్ అసిస్టెంటుని. మీటింగుల్లో పెద్దలు మాట్లాడిన మాటల్ని పెద్దల మాటల్లా కనబడేట్టు రాయడం నా పని. కాబట్టి ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు. అంత కల్పనాశక్తి ఉంటే ఈ ఉద్యోగంలో ఎందుకుంటాను?

ఆస్తుల విభజన కమిటీ అధ్యక్షులుగా పరాంకుశం గారు వచ్చారు. రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషిని విభజనలో అనుభవం ఉందని మళ్ళీ పిలిపించారు. అంతకుముందు ఆయన ఒక సహకార బ్యాంకునీ, ఒక చెరకు ఫ్యాక్టరీనీ విభజించారట. ఇప్పుడా రెండూ లేవు. వస్తూనే మ్యూజియం హాల్లో నిలబడి తన సిద్ధాంతం చెప్పారు.

"సమన్యాయం. విభజనకు వీలుకానిదంటూ సృష్టిలో ఏదీ లేదు. వీలు కల్పించుకోవాలి."

కల్పించుకున్నారు. మా గుమ్మం ముందున్న ద్వారపాలకుల్లో ఒకాయన్ని లారీ ఎక్కించి దిగువ జిల్లాకు పంపారు. ఫిరంగి గొట్టం మాకు, చక్రాలు వాళ్ళకు. గోడ గడియారం మాకు, దాని లోలకం వాళ్ళకు. తాటాకు గ్రంథాల్లో బేసి సంఖ్య ఆకులు మాకు, సరి సంఖ్య ఆకులు వాళ్ళకు. ఒక పాత వైద్యగ్రంథం ఉండేది. పంపకం అయ్యాక చూస్తే అందులో జబ్బులన్నీ మా దగ్గర ఉండిపోయాయి, మందులన్నీ దిగువ జిల్లాకు పోయాయి.

మా క్యూరేటర్ సువర్చల గారు ఇదంతా పంటిబిగువున భరించారు. నెమ్మదైన మనిషి. గట్టిగా మాట్లాడితే పురాతన వస్తువులు అదురుతాయన్నట్టు మాట్లాడతారు. కాని పరాంకుశం గారి వేలు ట్రైలోబైట్ ఉన్న అద్దాల పెట్టెవైపు తిరిగేసరికి ఆవిడ మొహంలో రంగు మారింది.

ట్రైలోబైట్ అంటే ఏమిటో చెప్పాలి. అరచేతిలో పట్టే నల్లటి పలకరాయి. అందులోంచి ఒక జీవి పైకి ఉబ్బి ఉంటుంది. అర్ధచంద్రంలాంటి తల, తలకు అటూ ఇటూ కళ్ళు, వీపు మీద అడ్డంగా పొందికగా పేర్చిన పట్టీలు, చివర చిన్న తోక. తలనుంచి తోకదాకా సాగిన రెండు గాడులు ఆ వీపుని నిలువునా మూడు పాయలు చేస్తాయి. దాని పేరుకి అర్థం అదే. వానాకాలం గోడవార పాకే రోకలిబండకి పెద్దతాతలా ఉంటుంది. బెదిరితే దానిలాగే చుట్టచుట్టుకునేదట. యాభై కోట్ల ఏళ్ళ క్రితం సముద్రం అడుగున బురదలో తిరిగేది. అప్పటికి చెట్టు లేదు, పిట్ట లేదు. జిల్లాలు కూడా లేవు.

మా ఊరి భూగర్భ శాస్త్రజ్ఞుడొకాయన హిమాలయాల్లో స్పితి లోయలో పనిచేసి, వస్తూ వస్తూ దాన్ని తెచ్చి మ్యూజియంకి ఇచ్చారు. ఆయనిప్పుడు లేరు. సువర్చల గారు ప్రమోషన్ మీద వేరే ఊరు వెళ్ళే అవకాశం వచ్చినా వెళ్ళలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు గాని నాకు తెలుసు. రోజూ పొద్దున్నే మెత్తటి కుంచెతో ఆ పట్టీల మధ్య దుమ్ము తుడిచేటప్పుడు ఆవిడ మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

కమిటీ కూర్చుంది. దిగువ జిల్లా తరఫున సన్యాసిరావు గారు, ఎగువ జిల్లా తరఫున కోదండపాణి గారు. ఇద్దరూ నిన్నటిదాకా ఒకే ఆఫీసులో ఒకే ఫ్యాను కింద పనిచేసినవాళ్ళు. ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

సన్యాసిరావు గారు లేచారు. "అధ్యక్షా! సముద్రం యావత్తూ మా జిల్లాకు దఖలు పడియున్నది. కావున సముద్ర జీవులు, వాటి వారసులు, వాటి అవశేషములు సర్వమూ మావే."

కోదండపాణి గారు కూర్చునే అన్నారు. "అది ప్రాణంతో ఉన్నప్పటి మాట. పోయాక అది రాయి. రాళ్ళు గనుల కిందికి వస్తాయి. గనులు మావి."

పరాంకుశం గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "జీవితకాలంలో మత్స్యశాఖ, మరణానంతరం గనుల శాఖ. క్లిష్టమైన సర్వీసు. ముందు స్థానికత తేలాలి. అమ్మా క్యూరేటర్ గారూ, ఈ జీవి నాలుగో తరగతి నుంచి పది దాకా ఎక్కడ చదివింది?"

సువర్చల గారు నవ్వారు. ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆపేశారు. "చదవలేదండీ."

"చదువుకోని వారికి మరణానికి ముందు ఏడేళ్ళ స్థిరనివాసం చూస్తాం. ఎక్కడ నివాసం?"

"స్పితి సార్. హిమాలయాల్లో."

"అక్కడ సముద్రం లేదే?"

"అప్పుడుండేది సార్. తరవాత భూమి పైకి లేచింది. సముద్రం తప్పుకుంది."

"ఎవరి ఉత్తర్వుల మీద?"

సువర్చల గారు నావైపు చూశారు. నేనేం చేస్తాను? ప్రశ్న రాసి, పక్కన 'సంబంధిత అధికారి సమాధానమీయలేదు' అని రాశాను.

స్థానికత తేలకపోతే చెరిసగం అన్నది కమిటీ నియమం. పరాంకుశం గారు భూతద్దం తెప్పించుకుని జీవిని పరీక్షించి సంతోషించారు. "ఇది ముందే మూడు పాయలుగా ఏర్పడి ఉన్నది. విభజనకు ఇంతగా సహకరించిన ఆస్తిని నా సర్వీసులో చూడలేదు. కుడి పాయ ఎగువకు, ఎడమ పాయ దిగువకు. మధ్య పాయ పదేళ్ళపాటు ఉమ్మడి."

"సార్, కోస్తే పోతుంది సార్!" సువర్చల గారి గొంతు నేను ఎప్పుడూ విననంత పైకి లేచింది. "ఇది పలకరాయి. మిషను పెడితే పొరలు పొరలుగా ఊడి పొడైపోతుంది."

"పొడి అయితే మరీ మంచిది. తూకం వేసి ఇవ్వవచ్చు."

నాకు ఒళ్ళు మండిపోయింది. యాభై కోట్ల ఏళ్ళు కొండలు నెత్తిన కూర్చున్నా చెక్కుచెదరనిది మా కమిటీ చేతిలో పొడి కావాలా? ఆ మాట అనలేదు. 'సభ్యులు ఏకగ్రీవంగా హర్షము వ్యక్తం చేసిరి' అని రాశాను. నా ఉద్యోగం అలాంటిది.

వంటింటి గట్లకు గ్రానైట్ కోసే షాపునుంచి మనిషినీ మిషన్నీ పిలిపించారు. అతను సుద్దముక్కతో ట్రైలోబైట్ వీపు మీద రెండు గీతలు గీశాడు. సన్యాసిరావు గారు గీత ఎడమవైపు ఒరిగిందన్నారు, కోదండపాణి గారు కుడివైపు ఒరిగిందన్నారు. తుడిచి మళ్ళీ గీశాడు. మిషన్ ఆన్ చేశాడు. హాలంతా దద్దరిల్లింది. సువర్చల గారు అతని చేతికీ రాయికీ మధ్యకి వచ్చేశారు.

"ఆగండి! దీన్ని కోసి ఏం పంచుకుంటారు? ఇందులో అసలు ట్రైలోబైట్ లేదు!"

మిషన్ ఆగింది. ఆవిడ గబగబా చెప్పేశారు. పీతలు పెరిగేటప్పుడు పాత పెంకు విడిచేసినట్టే ఇవీ విడిచేవి. ఇక్కడ చెంప దగ్గర అతుకు తెరుచుకుని, చెంపముక్క పక్కకి జరిగి ఉంది చూడండి. అందులోంచే బయటికి వచ్చి దానిదారిన అది పోయింది. ఇది విడిచిన చొక్కా మాత్రమే. విడిచిన చొక్కా కోసం ఇంత పట్టుదల దేనికి, వదిలేయండి సార్ అని చేతులు జోడించారు.

పాపం, ఆవిడ నిజం చెబితే వదిలేస్తారనుకున్నారు.

పరాంకుశం గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అంటే జీవి ఇందులో లేదు."

"లేదు సార్."

"ఎప్పుడు వెళ్ళిపోయింది?"

"యాభై కోట్ల ఏళ్ళ కింద సార్."

"అంటే మీరు చార్జి తీసుకోక ముందా, తీసుకున్న తరవాతా?"

"ముందే సార్!"

"మరి చార్జి తీసుకుంటూ, 'ట్రైలోబైట్ ఒకటి, సవ్యంగా అందినది' అని సంతకం చేశారే? అందింది తొడుగు. జీవి ఏది?"

గ్రానైట్ మనిషి మిషన్ సర్దుకుని మెల్లగా జారుకున్నాడు. అక్కడున్న అందరిలోకీ తెలివైనవాడు అతనే అనిపించింది.

సాయంత్రానికి ఆవిడ చేతిలో సస్పెన్షన్ ఆర్డరు పెట్టారు. 'ప్రభుత్వ అధీనమందలి ప్రాణి, తొడుగును విడిచి పలాయనము చిత్తగించుచుండగా నివారింపక ఉపేక్షించినందున' అని ఉంది అందులో. ఆ భాష నాదే. రాస్తున్నంతసేపూ నా మీద నాకే అసహ్యం వేసింది. తొడుగును సాక్ష్యంగా గోనెగుడ్డలో కట్టి, లక్కముద్ర వేసి పోలీస్ స్టేషనుకి పంపారు. అక్కడ సారా సీసాల పక్కన పెట్టారు.

ఎస్సై చురుకైనవాడు. పరాంకుశం గారిని కూర్చోబెట్టి వివరాలు అడిగాడు.

"చివరిసారి చూసినప్పుడు ఏం బట్టలు వేసుకుని ఉంది సార్?"

"బట్టలు ఇక్కడే విడిచి వెళ్ళింది."

ఎస్సై పెన్ను ఆపాడు. "ఒంటిమీద ఏమీ లేకుండానా? అయితే ఎవరో ఒకరు చూసే ఉంటారు సార్. దొరికిపోతుంది."

మర్నాడు పేపర్లో ప్రకటన పడింది. 'కనబడుటలేదు. పేరు ట్రైలోబైట్. వయసు యాభై కోట్లు. చామనఛాయ. వీపు మూడు పాయలు. ఇంటిలో చెప్పకుండా వెళ్ళిపోయినది. ఎవరూ ఏమీ అనరు, తిరిగి రావలెను. అమ్మగారు భోజనం మానివేసియున్నారు.' చివరి వాక్యం ఎక్కడిదని అడిగితే, అలాంటి ప్రకటనల్లో అది ఎప్పుడూ ఉంటుందని ఎస్సై చెప్పాడు. అయినా అందులో అబద్ధం లేదు. సువర్చల గారు నిజంగానే తిండి సరిగా తినడం లేదు.

ఇక రెండు జిల్లాలూ పోటీ పడ్డాయి. తమ నీళ్ళలో దొరికితే మొత్తం తమదేనని దిగువ జిల్లా పడవలు దింపింది. అది సముద్రందాకా చేరితే చేయి దాటిపోతుందని ఎగువ జిల్లా సముద్రానికి వెళ్ళే ప్రతి రోడ్డు మీదా చెక్‌పోస్టు పెట్టింది. కొబ్బరికాయల లారీల్లో టార్పాలిన్లు ఎత్తి చూశారు. పెళ్ళి బస్సు ఆపి పెళ్ళికూతురి సూట్‌కేసు తెరిపించారు. జనం తాబేళ్ళని తెచ్చారు, రొయ్యల్ని తెచ్చారు, సీసాలో రోకలిబండల్ని తెచ్చారు. ఒకాయన తన బావమరిదిని తెచ్చాడు, చెప్పకుండా ఇంటినుంచి వెళ్ళిపోయే అలవాటు ఉందని.

అలాంటి రోజుల్లో మైలపల్లి దానయ్య అనే జాలరి ఒక ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని మ్యూజియంకి వచ్చాడు. బకెట్లో సముద్రపు నీళ్ళు. నీళ్ళలో గుర్రపుడెక్క ఆకారంలో, బోర్లించిన మూకుడంత ప్రాణి ఒకటి, వెనక బల్లెంలాంటి తోకతో మెల్లగా కదులుతోంది.

"వల్లో పడ్డాది బాబూ," అన్నాడు దానయ్య. "దీన్ని ఎవులూ తినరు. పడితే ఒగ్గేత్తాం. పోలీసోలు పటం సూపించి అడుగుతన్నారు కదా, ఇదే అదేమోనని మావోలన్నారు. కాదంటే సెప్పండి, మళ్ళీ నీళ్ళలో ఒగ్గేత్తాను."

కమిటీ పరుగున వచ్చింది. ఎస్సై గోనెగుడ్డ విప్పి తొడుగు తీశాడు. దాన్ని ఆ ప్రాణి వీపు మీద ఆనించి కొలత చూశారు.

"చొక్కా పట్టడం లేదు," అన్నాడు ఎస్సై.

"ఇన్ని కోట్ల ఏళ్ళలో ఒళ్ళు చేయదా?" అన్నారు పరాంకుశం గారు.

"తోక ఇంత పొడుగు లేదు కదా?"

"గుర్తు పట్టకుండా పెంచుకుని ఉంటుంది," అన్నారు సన్యాసిరావు గారు. తమ నీళ్ళలో దొరికినందుకు ఆయన మొహం వెలిగిపోతోంది.

సువర్చల గారికి కబురు పెట్టారు. ఆవిడ చిక్కిపోయి వచ్చారు. పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, బాగా చూసి చెప్పండి. మీ అధీనంలోంచి పోయిన జీవి ఇదేనా? ఇదేనంటే కేసు ముగుస్తుంది, మీరు రేపే డ్యూటీలో చేరవచ్చు. కాదంటే గాలింపు కొనసాగుతుంది. తొడుగు సాక్ష్యం కనుక కేసు తేలేదాకా స్టేషన్‌లోనే ఉంటుంది. ఆ తరవాత ఎటూ కోయవలసిందే."

సువర్చల గారు బకెట్లోకి చూశారు. దాని సంగతి ఆవిడకి తెలియదా? అది గుర్రపుడెక్క పీత, ట్రైలోబైట్లకి ఎంతో దూరపు చుట్టం. ఆ వంశం అంతా పోయాక కూడా ఒడ్డున ఇంకా పాకుతున్నది. ఆవిడ నా పక్కనే నిలబడి ఆ మాట గొణుక్కున్నారు కూడా. తరవాత బల్లమీది రాయివైపు చూశారు. వీపు మీద సుద్దగీతలు అలాగే ఉన్నాయి. గోనెపీచు పట్టీల మధ్య ఇరుక్కుని ఉంది. ఒక మూల కాస్త పెచ్చు లేచింది.

ఇన్నేళ్ళలో ఆవిడ ఏ వస్తువు పక్కనా తెలియని మాట రాసి పెట్టలేదు. ఏ రాజు కాలందో తేలని నాణెం పక్కన 'తెలియదు' అని రాసి పెట్టిన మనిషి. 'సుమారు' అని వేస్తే పోలేదా మేడమ్ అని నేను అడిగితే, తప్పు చూసి ఒక్క పిల్ల నేర్చుకున్నా అది మన పాపమే అన్నారు. అలాంటి మనిషి ఇప్పుడు ఏమంటారు?

"ఇదే సార్," అన్నారు సువర్చల గారు.

అని వెంటనే తల దించుకున్నారు. మళ్ళీ ఎత్తి, "కాని సార్, ఇది సముద్రం విడిచి ఎక్కువసేపు బతకదు. పంపేయండి. ఇక్కడే ఉంచితే ఈసారి నిజంగానే చచ్చిపోతుంది," అన్నారు.

"అయితే దిగువ జిల్లాకు బదిలీ," అన్నారు పరాంకుశం గారు.

"మరి మా సగం?" కోదండపాణి గారు ఉలిక్కిపడ్డారు.

పరాంకుశం గారు ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. అనుభవం ఊరికే పోతుందా? "నీటిలో ఉన్నంతకాలం దిగువ జిల్లా. ఒడ్డుకు వచ్చిన సమయంలో ఎగువ జిల్లా. హాజరు వేయించుకోండి." రెండు జిల్లాలూ చప్పట్లు కొట్టాయి.

బదిలీ ఉత్తర్వు చదివి వినిపించి, బకెట్‌కి దండ వేసి, జీపులో సముద్రపు ఒడ్డుకి ఊరేగింపుగా తీసుకెళ్ళారు. దానయ్య మోకాటి లోతు నీళ్ళలోకి దిగి బకెట్ వంచాడు. ప్రాణి ఇసుక రేపుకుంటూ మాయమైపోయింది.

"ఇదేటి బాబూ," అన్నాడు దానయ్య నాతో, దండ చేత్తో పట్టుకుని. "పడ్డప్పుడే ఒగ్గేద్దును కదా! మద్దిన ఈ మేళతాళాలేటి?"

వెనక్కి వచ్చాక నేను పరాంకుశం గారి ఎదుట నిలబడ్డాను. "సార్, ఆ తొడుగు?"

"ఏ తొడుగు?" ఆయన అప్పటికే బ్యాగు సర్దుకుంటున్నారు. ఒక విశ్వవిద్యాలయాన్ని విభజించడానికి కబురు వచ్చిందట. "ఓ, అదా. జీవి దొరికాక తొడుగుతో ఏం పని? ఖాళీది. అది ఆస్తి కాదు, చెత్త. అవతల పడేయండి."

ఆయన మాట పూర్తయ్యేలోపే రాసి సంతకానికి చాపాను. నా సర్వీసులో అంత వేగంగా ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. చదివే అలవాటు ఉంటే అంత పైకి ఎదిగేవారు కాదు.

సువర్చల గారు మర్నాడే డ్యూటీలో చేరారు. తడిగుడ్డతో సుద్దగీతలు తుడిచారు. గోనెపీచు ఒక్కొక్కటే సూదిమొనతో తీశారు. ఆ రాయిని అద్దాల పెట్టెలో పెట్టడానికి వీల్లేదు, పెట్టెల్లో ఆస్తులే ఉండాలి. అందుకని కిటికీ పక్కన ఒక స్టూలు వేసి దానిమీద ఉంచారు. పేరు కూడా రాసి పెట్టడానికి లేదు, ట్రైలోబైట్ ప్రస్తుతం దిగువ జిల్లాలో విధుల్లో ఉంది. చెప్పిన అబద్ధం ఆవిణ్ణి ఇంకా తొలుస్తూనే ఉంది. అప్పుడప్పుడు పని మధ్యలో ఆగిపోయి, "నేనలా అని ఉండకూడదు కదూ?" అంటారు. అనకపోతే ఇది ఉండేది కాదు మేడమ్ అంటాను. ఆవిడ తల ఊపుతారు గాని, ఆ సమాధానంతో ఆవిడకి తృప్తి లేదని నాకు తెలుసు.

మొన్న ఒక బడి పిల్లలు వచ్చారు. అద్దాల పెట్టెల ముందునుంచి, సగం ఫిరంగి ముందునుంచి విసుగ్గా నడిచి, రెండు జడల పిల్ల ఒకతె కిటికీ దగ్గర ఆగిపోయింది. ఎండ ఆ పట్టీల మీద పడుతోంది. వేలు చాపి, మళ్ళీ వెనక్కి లాక్కుని, సువర్చల గారివైపు చూసింది.

"ఇదేంటి మేడమ్?"

సువర్చల గారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రాయి దగ్గరికి తీసుకెళ్ళారు.

"చెత్తమ్మా," అన్నారు. "ముట్టుకుని చూడు."